తెల్లమీసం నల్లగా అచ్చయిన పోస్టరు

ముప్పై ఏళ్ళు నేను మనుషుల ముఖాలు దిద్దాను. మొదట్లో పెన్సిలుతో, తర్వాత మౌసుతో. కర్నూలులో ఒక కలర్ ల్యాబు నా పనిచోటు. ఎప్పుడు చేరాను, ఏ హోదాలో మానేశాను అన్నవి ఇక్కడ రాయడం లేదు. అవి ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు పనికిరావు. పనికొచ్చేవి నేను చేసిన తప్పులు. వాటిలో ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. రెండూ రాస్తాను.

కిటికీ పక్క బల్ల

మా నాయనకు ఫోటో స్టూడియో ఉండేది. నెగటివులు దిద్దడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. వాలుగా ఉండే చెక్కబల్ల, మధ్యలో మసక అద్దం, దాని కింద కిటికీ వెలుతురును పైకి కొట్టే ఇంకో అద్దం. నెగటివును మసక అద్దం మీద పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో మొటిమలూ మచ్చలూ పూడ్చేవాళ్ళం. నెగటివులో ఖాళీగా కనబడే చోటు కాగితం మీద నల్లగా వస్తుంది. అక్కడ పెన్సిలు గీత పడితే తెల్లబడుతుంది. ఇది పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు, చేతికి వచ్చినది.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో ల్యాబులోకి కంప్యూటర్లు వచ్చాయి. అప్పటికి నాకు నలభై దాటాయి. మా యజమాని ప్రభాకర సెట్టి గారు నన్ను పిలిచి, ముఖం తెలిసినవాళ్ళకు యంత్రం నేర్పడం తేలిక, యంత్రం తెలిసినవాళ్ళకు ముఖం నేర్పడం కష్టం అన్నారు. మూడు నెలల్లో నేర్చుకున్నాను.

సెట్టి గారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన కన్ను గట్టిది. వంద ఫోటోలు పరిచి ఉన్నా, రంగు తేడా కొట్టిన ఒక్కదాని మీద వేలు పెట్టేవారు. పనివాళ్ళ మీద నోరు చేసుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. కానీ గిరాకీకి వచ్చినవాళ్ళ ముందర తప్పు ఒప్పుకోకూడదన్నది ఆయన పద్ధతి. కాగితం మంచిది కాదనో, కరెంటు సరిగా లేదనో ఏదో ఒకటి చెప్పి పంపేవారు. ఆయన దగ్గర పని బాగా నేర్చుకోవచ్చు. ఆ పద్ధతిని మాత్రం నేర్చుకోకూడదు. నేను రెండూ నేర్చుకున్నాను.

గళ్ళు చెరిపిన ఉదయం

కంప్యూటరు ముందు కూర్చున్న కొత్తలో ఒక బడివాళ్ళు సర్టిఫికెట్ల కోసం తమ ముద్ర ఫైలు పంపారు. తెరిస్తే ముద్ర చుట్టూ బూడిదరంగు, తెలుపు చిన్న చిన్న గళ్ళు కనిపించాయి. ఫైలు పాడైందనుకున్నాను. ఉదయం నుంచి మధ్యాహ్నం భోజనం దాకా కూర్చుని తెల్లరంగు పూసి ఆ గళ్ళన్నీ చెరిపాను. నా పని చూసి నాకే ముచ్చటేసింది. సర్టిఫికెట్లు, వెనకంతా మీగడరంగు పూతతో, అచ్చయి వచ్చాక చూస్తే, ప్రతి ముద్ర చుట్టూ చతురస్రంగా తెల్లటి అతుకు. అంచున ఉన్న పూలతీగ ఆ అతుకు కింద సగం మాయమైంది. హెడ్మాస్టరు కట్ట కట్టి వెనక్కి పంపారు.

ఆ గళ్ళు బొమ్మలో లేవు. ఇక్కడ ఏ రంగూ లేదు, వెనక ఏముంటే అది కనబడుతుంది అని సాఫ్ట్‌వేరు మనకు చెప్పే పద్ధతి అది. దాన్నే ట్రాన్స్‌పరెంట్ అంటారు. ఆ ఖాళీకి నేను తెల్లరంగు పూశాను.

ఇందులో తెలుసుకోవలసినది ఇంకొకటి ఉంది. ఆ ఖాళీని అన్ని సాఫ్ట్‌వేర్లూ ఒకే తీరుగా అర్థం చేసుకోవు. ఒకటి గళ్ళు చూపిస్తుంది. ఇంకొకటి తెల్లగా నింపుతుంది. మరొకటి, ముఖ్యంగా ఆ రోజుల పాతవి, నల్లగా నింపేవి. మన దగ్గర ఒక తీరుగా ఉన్న బొమ్మ అవతలివాడి దగ్గర ఇంకో తీరుగా తెరుచుకుంటుంది. మనకు తెలియదు. అతనికీ తెలియదు, ఎందుకంటే మన దగ్గర అది ఎలా ఉందో అతను చూడలేదు.

ఇదంతా అప్పుడే అర్థమైందనుకున్నాను. అర్థమైంది సగమే.

తప్పిపోయిన మనిషి

ఒకరోజు పొద్దున ల్యాబు తెరవగానే ఒకామె వచ్చింది. పేరు లక్ష్మీదేవి, ఊరు మైదుకూరు. వాళ్ళది బట్టల అంగడి. తండ్రి సుబ్బరామయ్య గారికి డెబ్బై దాటాయి. రెండేళ్ళుగా మతి నిలకడగా లేదు, షుగరు కూడా ఉంది. ముందురోజు ఆయనను కంటి డాక్టరుకు చూపించడానికి కర్నూలు తీసుకొచ్చింది. బయటి బల్ల మీద కూర్చోబెట్టి మందుల షాపులో చుక్కల మందు తీసుకుని వచ్చేసరికి ఆయన లేడు. రాత్రంతా బస్టాండులో, రైల్వే స్టేషన్లో వెతికారు. పోలీసులకు చెప్పారు. గోడల మీద అంటించడానికి పోస్టర్లు కావాలి.

ఆమె చేతిలో ఒక గృహప్రవేశం ఫోటో ఉంది. పదిమంది మధ్యలో సుబ్బరామయ్య గారు. తెల్ల జుట్టు, తెల్ల చొక్కా, తెల్ల పంచె. అన్నిటికంటే ముందు కంటికి కనబడేది మీసం. రెండు చెంపల మీదికీ దువ్విన ఒత్తైన తెల్లమీసం.

"మా నాయనను ఎవురు చూసినా మీసంతోనే గుర్తుపడతారక్కా. అది బాగా కనపడాల," అంది లక్ష్మీదేవి.

అలాగేనన్నాను. ఆమెకు ఆగే తీరిక లేదు. తండ్రి ఒకవేళ ఇంటిదారి పట్టాడేమోనని మైదుకూరు దాకా దారిలోని ఊళ్ళన్నీ విచారించడానికి వెళ్ళిపోయింది. పోస్టర్ల పని ఆమె భర్త చూసుకోవాలి.

అచ్చువేసేది ఖాదర్ బాషా. మా వీధి చివర చిన్న ప్రెస్సు అతనిది, తెల్ల కాగితం మీద నల్ల సిరాతో అచ్చు. ఫోన్ చేసి, ముఖం వెనక లేత బూడిదరంగు పట్టీ పెడతాను, వెనకున్న గోడ తీసేసి ముఖం ఒక్కటే పంపక్కా అన్నాడు. అతని కంప్యూటరు పాతది, ఫైలు ఫ్లాపీలో పట్టేంత చిన్నదిగా ఉండాలన్నాడు.

నేను చేసిన పని ఇది. ఫోటో స్కాన్ చేశాను. సుబ్బరామయ్య గారి వెనక సున్నం గోడ. దాన్ని పూర్తిగా తెల్లబరిచాను. ఫ్లాపీలో పట్టడానికి, తెలుపు నుంచి నలుపు దాకా ఉన్న ఛాయలు తగ్గించి పదహారు మిగిల్చాను. ఆ తర్వాత ఒక్క నొక్కుతో, ఈ ఫైలులో తెలుపంటే ట్రాన్స్‌పరెంట్ అని గుర్తు పెట్టాను. గోడ పోయింది. ముఖం చక్కగా ఉంది, మీసం మెరుస్తోంది. అంతా కలిపి పావుగంట. ఫ్లాపీ పంపాను.

"ఇది ఎవురి ఫోటో?"

ఆ సాయంత్రానికల్లా ప్రెస్సు కుర్రాళ్ళు పోస్టర్లు బస్టాండు చుట్టూ, ఆసుపత్రి గోడల మీద, ఊరి చివర కల్లూరు దాకా అంటించారు. లక్ష్మీదేవి భర్త అచ్చుకు డబ్బు కట్టి, రైలు దారిలోని ఊళ్ళు వెతకడానికి అప్పటికే వెళ్ళిపోయాడు. రెండు రోజులు ఎవరూ ఫోన్ చేయలేదు.

తప్పిపోయిన నాలుగో రోజు లక్ష్మీదేవి మళ్ళీ ల్యాబుకు వచ్చింది. అప్పటిదాకా ఆమె గాని, భర్త గాని పోస్టరు చూడలేదు. కర్నూలులో బస్సు దిగగానే గోడ మీద చూసి, ఒకటి పీకి తెచ్చింది. చుట్టూ మైదా పిండి జిగురు ఇంకా అంటుకునే ఉంది. దాన్ని నా బల్ల మీద పరిచింది.

"అక్కా, ఇది ఎవురి ఫోటో?" అంది.

ఫోటోలు తారుమారయ్యాయని ఆమె అనుకుంటోంది. నేను వంగి చూశాను. ముక్కు ఆయనదే, చెవి ఆయనదే, కంటి కింద మచ్చ ఆయనదే. కానీ మీసం బొగ్గులా నల్లగా ఉంది. జుట్టు నల్లగా ఉంది. చొక్కా నల్లగా ఉండి వెనకనున్న నలుపులో కలిసిపోయింది. నల్లతెర ముందర కూర్చుని తీయించుకున్న యాభై ఏళ్ళ మనిషిలా ఉన్నాడు. కింద మాత్రం డెబ్బై రెండేళ్ళు, తెల్లచొక్కా, తెల్లమీసం అని రాసి ఉంది.

ఆమెను కూర్చోమని నా ఫైలు తెరిచాను. నా దగ్గర మీసం తెల్లగానే ఉంది. ఒక నిమిషం మనసు తేలికైంది, తప్పు ఇక్కడ కాదు కదా అని. తర్వాత ఒక పని చేశాను. బొమ్మ కింద ఇంకో పొర పరిచి, దాన్ని ముదురు ఎరుపుతో నింపాను.

మీసం ఎర్రబడింది. జుట్టు, చొక్కా ఎర్రబడ్డాయి.

అప్పుడు అర్థమైంది. ఛాయలు పదహారుకు తగ్గించినప్పుడు మీసంలోని లేత బూడిద ఛాయలన్నీ తెలుపులో కలిసిపోయాయి. తెలుపంటే ఖాళీ అని నేను గుర్తు పెట్టినప్పుడు గోడతోపాటు మీసమూ, జుట్టూ, చొక్కా ఖాళీ అయిపోయాయి. నా తెర మీద బొమ్మ కింద తెల్ల పొర పరిచి ఉంది కాబట్టి గళ్ళు కనబడలేదు, ఆ ఖాళీలోంచి కనబడిన తెలుపును నేను మీసం అనుకున్నాను. బాషా పాత సాఫ్ట్‌వేరు ఖాళీని నలుపుతో నింపింది. ఒకవేళ సరిగ్గా తెరుచుకున్నా, అతను పెట్టిన బూడిదరంగు పట్టీయే మీసంలోంచి కనబడేది. ఏ రకంగా చూసినా అక్కడ మీసం లేదు. నేనే తీసేశాను.

కొత్తవాళ్ళు ఇక్కడ ఒక్క మాట గుర్తుంచుకోండి. ట్రాన్స్‌పరెంట్ ఫైలును తెలుపు మీద పెట్టి సరిచూడొద్దు. బొమ్మలో ఎక్కడా లేని ఒక ముదురు రంగు కింద పరచండి. ఏది ఉందో, ఏది లేదో అప్పుడు తెలుస్తుంది. వెనకభాగం తీసేయాలంటే రంగును గుర్తుపెట్టి తీయొద్దు. ఎంత సేపు పట్టినా అంచు వెంట చేత్తో గీసి తీయండి. ఫైలు ఎవరికి పంపుతున్నారో వాళ్ళ యంత్రం మీద ఒకసారి తెరిచి చూడండి. కుదరకపోతే కాగితం మీద తీసిన నమూనా ఒకటి ఫైలుతోపాటు పంపండి, అది చూసి వాళ్ళు సరిపోల్చుకుంటారు. నేను వీటిలో ఏదీ చేయలేదు.

మాట రాని చోటు

నేను లేచి సెట్టి గారి దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పాను. ఆయన ఎర్రమీసం చూశారు. వెంటనే అర్థమైంది.

"ప్రెస్సులో పొరపాటు జరిగిందని చెప్పు. కొత్త ఫైలు బాగా చేసియ్యి. ఈ గొడవంతా ఆయమ్మకు ఇప్పుడెందుకు," అన్నారు.

ఆయన మాటలో సగం న్యాయం ఉంది. ఆ పూట కావలసింది కొత్త పోస్టరు, వివరణ కాదు. కానీ మిగతా సగాన్ని కూడా నేను వాడుకున్నాను. ప్రెస్సులో ఫైలు సరిగా తెరుచుకోలేదమ్మా అని లక్ష్మీదేవికి చెప్పాను. అబద్ధం కాదు. నిజమూ కాదు.

గంటన్నర కూర్చుని మీసంలో ఒక్కొక్క వెంట్రుక అంచు చూసుకుంటూ చేత్తో గోడ తీశాను. ఈసారి ఖాళీ అన్నదే లేకుండా, వెనక లేత బూడిదరంగు నేనే నింపి, ఫ్లాపీ పట్టుకుని ప్రెస్సుకు నడిచాను.

అప్పటికే లక్ష్మీదేవి భర్త అక్కడున్నాడు. ఆ పూటే రైలు దిగిన అతనికి ల్యాబు నుంచి ఆమె ఫోన్ చేసి చెప్పినట్టుంది. బాషాను నిలబెట్టి మాట్లాడుతున్నాడు. తెల్లమీసమని నువ్వే అచ్చేసి, పైన నల్లమీసం ఎట్ల వేస్తివని అడుగుతున్నాడు. కళ్ళు కనపడవా అన్నాడు. మనిషి ప్రాణమంటే లెక్కలేదా అన్నాడు. ఇంకా కొన్ని మాటలు అన్నాడు, అవి రాయను. లక్ష్మీదేవి గడప దగ్గర గోడకు ఆనుకుని ఉంది. నేను ఆమె పక్కనే నిలబడ్డాను.  తప్పు తనదేనని బాషా నమ్మాడు. నల్లతెర ముందు తీసిన ఫోటో అనుకున్నానన్నా అని మాత్రం అన్నాడు.

 చేతిలో ఫ్లాపీ ఉంది, చెప్పవలసిన మాట తెలుసు. చెప్పలేదు.

వాళ్ళు బయటికి వెళ్ళాక బాషాతో చెప్పాను. తప్పు నీది కాదు, నాదని. అతను యంత్రం తుడుస్తూ విన్నాడు.

"ముందర ఆయప్ప దొరకనీ అక్కా. తప్పు యాడికీ పోదు," అన్నాడు.

కొత్త ఫైలు అతని తెర మీద తెరిచి, ఇద్దరం పక్కపక్కన నిలబడి అసలు ఫోటోతో పోల్చుకున్నాం. మీసం తెల్లగా ఉంది. ఆ సాయంత్రానికి పోస్టర్లు గోడలెక్కాయి.

కల్లూరు

మర్నాడు పొద్దున్నే పోస్టరులోని నంబరుకు ఫోన్ వచ్చింది. కల్లూరులో బండలు పాలిష్ చేసే చిన్న ఫ్యాక్టరీ నుంచి. అక్కడ ఊడ్చే పని చేసే మారెమ్మ అనే ఆమె నాలుగు రోజులుగా ఒక ముసలాయనకు అన్నం పెడుతోంది. ఆయన నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుంటాడు. ఊరు అడిగితే చెప్పలేడు. అంగడి తెరవాల, పొద్దెక్కింది అంటాడు.

మా పాత పోస్టరు ఆ ఫ్యాక్టరీ ఎదురుగా కరెంటు స్తంభానికి రెండు రోజులు ఉంది. మారెమ్మకు చదువు రాదు. బొమ్మను చూసింది, మనిషిని చూసింది, కాదనుకుంది. ఒక పనివాడు రాత చదివి అనుమానపడ్డా ఆమే వద్దందట.

"మొన్నటి కాయితంలో మీసం నల్లగా ఉండె. ఈయప్పకు పాలమాదిరి తెల్లగా ఉండాది. నేనెట్ల అనుకుంటా?" అని ఆమె లక్ష్మీదేవితో అంది. ఆ మాట నేను విన్నాను. నేనూ ఆటోలో వాళ్ళతో వెళ్ళాను.

సుబ్బరామయ్య గారు బతికే ఉన్నారు, కూతురిని గుర్తుపట్టారు. కానీ చెప్పులు ఎక్కడో పోయాయి. కాలికి రాతిముక్క గుచ్చుకుని, బండల పిండి కలిసిన నీళ్ళలో నడిచి, పుండు ముదిరింది. షుగరు మాత్రలు లేక నాలుగు రోజులు. ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. రెండు రోజులు ముందు తెచ్చి ఉంటే కట్టు కట్టి మాన్పేవాళ్ళమని డాక్టరు అన్నాడట. ఆసుపత్రికి వచ్చిన నాకూ బాషాకూ ఆ మాట చెబుతున్నప్పుడు లక్ష్మీదేవి భర్త బాషా వైపు చూశాడు.

మైదుకూరు

నెల గడిచాక ఒక ఆదివారం నేను మైదుకూరు బస్సెక్కాను. సెట్టి గారికి చెప్పలేదు. సంగతి చూపించడానికి రెండు పోస్టర్లూ మడిచి సంచిలో పెట్టుకున్నాను.

అంగడిలో లక్ష్మీదేవి ఒక్కతే ఉంది. ఒకామెకు లంగా గుడ్డ కొలుస్తోంది. నన్ను చూసి సంతోషపడింది, కూర్చోమంది. ఆ గిరాకీ వెళ్ళాక చెప్పాను. ఫ్లాపీ, పదహారు ఛాయలు, తెలుపుకు పెట్టిన గుర్తు, ఎర్రరంగు, అన్నీ చెప్పాను. ఎక్కడా తగ్గించలేదు. ఆమె గజం కడ్డీ చేతిలో పట్టుకునే వింది. 

"మా ఆయన బాషాన్నను అన్నేసి మాటలు అంటాంటే నువ్వు ఆడనే ఉంటివి కదా అక్కా," అంది.

"ఉన్నా," అన్నాను.

"ఫోటో తప్పు నాకు తెలీదు. పనిలో చెయ్యి జారుతాది, మా అంగట్లోనూ జారుతాది. ఇది మాత్రం నాకు తెలుస్తాది."

 అంతకుముందు గాని, తర్వాత గాని నా పని గురించి అంత కచ్చితమైన మాట నాతో ఎవరూ అనలేదు. ఫైలు తప్పుగా తెరుచుకోవడాన్ని ఎవరైనా సరిచేయగలరు. ఎర్రరంగు పరిస్తే అది బయటపడుతుంది. నేను నోరు మూసుకున్నది బయటపడడానికి నెల పట్టింది, అదీ నేను వెళ్ళి చెప్తే.

లక్ష్మీదేవి గజం కడ్డీ పక్కన పెట్టింది. భర్తను బుధవారం కర్నూలు పంపుతానంది. బాషాతో మాట్లాడి రావాలంది. "ఆ పొద్దు నువ్వు కూడా ఆడ ఉండాల," అంది. ఉంటానన్నాను. ఉన్నాను కూడా. ఆ బుధవారం తర్వాత గిరాకీ ముందర తప్పును కరెంటు మీదికో కాగితం మీదికో నెట్టడం మానేశాను. సెట్టి గారు ఏడాది పాటు ముభావంగా ఉన్నారు, తర్వాత అలవాటుపడ్డారు.

లేవబోతుంటే, నాయనను చూసిపో అని లోపలికి తీసుకెళ్ళింది. అంగడి వెనక గదిలో సుబ్బరామయ్య గారు కుర్చీలో ఉన్నారు. కాలికి కట్టు ఉంది. మీసం శుభ్రంగా దువ్వి ఉంది. నేను నమస్కారం పెడితే, ఏం గుడ్డ కావాలమ్మా అని అడిగారు. లక్ష్మీదేవికి చూపించిన పోస్టర్లు ఇంకా నా చేతిలోనే ఉన్నాయి. చేయి చాపితే ఇచ్చాను. రెండూ ఒళ్ళో పరుచుకుని చూశారు.

నల్లమీసం పోస్టరు మీద చెయ్యి పెట్టి, "ఇది నాదే. ఎవురు తీసిరి? బాగా తీసినారు," అన్నారు.

తెల్లమీసం పోస్టరును కొంచెం దూరంగా పట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత కూతురి వైపు తిరిగారు.

"ఈ పెద్దాయన ఎవురమ్మా? మన అంగడికి వస్తాంటాడా?"

"వస్తాంటాడు నాయనా," అంది లక్ష్మీదేవి.

నల్లమీసం కాగితాన్ని ఆమె ఆయన ఒళ్ళోనే ఉంచింది. రెండోదాన్ని మడిచి నా చేతికిచ్చి, అందులోంచి చిన్న ఫోటోలు ఓ పది తీసిపెట్టమంది. కింద అంగడి ఫోన్ నంబరు వేయమంది. మళ్ళీ తప్పిపోతే పనికొస్తాయని ఆయన చొక్కా జేబుల్లో కుట్టాలట.